పధ్నాలుగు టన్నుల వంతెన

కాటాక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది ఆవిడ మొగుడికి కూడా తడుముకుంటే తప్ప గుర్తు రాదు. వంతెన మొదట్లో లారీలు తూచే కాటా గదిలో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. ఇసుక లారీలవాళ్లు బతిమాలినా, సిమెంటు లారీలవాళ్లు బెదిరించినా ఒక్క కిలో అటూ ఇటూ చెప్పి ఎరగదు. "కన్నతండ్రి కాటా ఎక్కినా చెప్పుల బరువు తగ్గించదురా బాబూ!" అని డ్రైవర్లు తిట్టుకునేవాళ్లు. ఆ తిట్టు చెవిన పడితే ఆవిడకు లోపల్లోపల మహా గర్వం.

నిరుడు వంతెన రెండో స్తంభం బీట వారింది. పధ్నాలుగు టన్నులు దాటిన బండిని ఎక్కనివ్వొద్దని బోర్డు పెట్టారు. ఆ వెంటనే యుద్ధం వచ్చిపడింది. గది బయట అంకెలు చూపించే పెట్టె ఏదో అదురుకు పగిలింది, బాగుచేసే నాథుడు లేడు. అప్పట్నుంచి లోపల కూర్చుని ఆవిడ చెప్పిందే బరువు.

గొట్టాల లారీ రావడం మొదలైంది కూడా అప్పుడే. చూడ్డానికి మామూలు లారీయే. తొట్టి ఉండాల్సిన చోట నలభై ఇనప గొట్టాలు, గొట్టానికో రాకెట్టు. వంతెన దాటి నాలుగు కిలోమీటర్లు పోయి, బీడులో ఆగి, నలభైనీ ఇరవై సెకన్లలో వదిలేసి, అవతలివాళ్లు తిరిగి కొట్టేలోపు తోక ముడుచుకుని వచ్చేస్తుంది. దాని డ్రైవరుకు నోరు మంచిది. "పదమూడున్నరేనా పెద్దమ్మా? నేనేమన్నా చిక్కిపోయానా?" అని నవ్వించేవాడు. చేసేది ఆ పని, మాటలు చూస్తే వెన్న! నవ్వినందుకు ఆవిడకు తన మీద తనకే రోత పుట్టేది.

ఎందుకంటే రాకెట్లు పోయే దిక్కునే ఆవిడ చెల్లెలి కాపురం. ఒకప్పుడు బస్సెక్కితే ముప్పావు గంట ప్రయాణం, ఇప్పుడది శత్రువుల ఊరు. చెల్లెలిది ఆ ఊరి మొదట్లో నూలు బజారు, రెండో సందులో మేడ మీద వాటా. నిజానికి రాకెట్ల గురి ఊరి మీద కాదు, ఊరి వెనక గుట్ట మీదున్న సైనికుల శిబిరం మీద. "మా నెత్తి మీంచి ఈల వేసుకుంటూ పోతాయక్కా. మీ మరిది మంచం కింద దూరతాడు, పొట్టేమో పట్టి చావదు" అని చెల్లెలు ఫోనులో నవ్వేది. మొన్న మాత్రం నవ్వలేదు. "ఆ లారీ నీ కాటా ఎక్కే కదా వస్తుంది? ఒక్కసారన్నా ఆపలేవా అక్కా? పిల్ల మంచినీళ్లు కూడా ముట్టట్లేదు" అంది. అంతలో లైను తెగిపోయింది.

కాటా మనిషి చెయ్యి అడ్డం పెడితే యుద్ధాలు ఆగుతాయా? ఆ సంగతి ఆవిడకు తెలుసు. అయినా నెత్తి మీంచి పోయేది ఏదో ఒకరోజు నెత్తిన పడదని ఎవడు రాసిచ్చాడు? మూడు రోజులు ముద్ద దిగలేదు. "మనం తూచేవాళ్లమే గానీ వదిలేవాళ్లం కాదు కదే, మనకెందుకు?" అన్నాడు మొగుడు. "నోరు మూసుకుని తిను" అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడున్నరకు గొట్టాల లారీ కాటా ఎక్కింది. తెర మీద పదమూడు వేల ఎనిమిది వందల కిలోలు. కాటాక్క కిటికీలోంచి తల బయట పెట్టి, "పధ్నాలుగు వేల తొమ్మిది వందలు. వంతెన ఎక్కడానికి లేదు" అంది.

డ్రైవరు పక్కన కూర్చున్న అధికారి దిగి వచ్చాడు. "సరిగ్గా చూశారా?"

"చూసే చెప్పాను."

"ఈవిడ చెప్పిందంటే ఇక తిరుగు లేదు సార్. చక్రాలకు బురద పట్టింది, ఇసుక మూటలు కూడా ఉన్నాయి" అన్నాడు డ్రైవరు.

లారీలోని సైనికులు దిగారు. మూటలు దించారు, అదనపు టైరు దించారు. "పధ్నాలుగు వేల రెండు వందలు" అంది కాటాక్క. ఇక దించాల్సినవి రాకెట్లే. నాలుగింటికల్లా వదలాలని ఉత్తర్వు. అధికారి గడియారం చూసుకున్నాడు. వెనక్కి పోతారు, పోక చస్తారా, అనుకుంది ఆవిడ. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది.

"లారీ పక్కకు తియ్యి. ఇక్కణ్నుంచే వదిలేద్దాం" అన్నాడు అధికారి.

"ఇక్కణ్నుంచి గుట్ట అందదు సార్. మహా అయితే నూలు బజారు దాకా పోతాయి" అన్నాడు డ్రైవరు.

"పోయినంత దూరమే పోనీ. టైముకు వదిలామని నేను పైకి చెప్పుకోవాలి."

కాటాక్క ఒక్క ఉదుటున బయటికొచ్చి పడింది. "అయ్యో, తప్పు చెప్పాను బాబూ! మూటలు దించకముందే పదమూడు వేల ఎనిమిది వందలు! వంతెన మోస్తుంది, పొండి, అవతలికి పొండి! మా చెల్లెలుందయ్యా నూలు బజారులో!"

అధికారి మొహం మారిపోయింది. "చెల్లెలు అవతల ఉందా? అందుకా ఇప్పుడు బరువు తగ్గించి చెప్పడం, వంతెన కూలి మేం ఏట్లో పడాలనా?"

"మీ కాళ్లు పట్టుకుంటాను. ఇంకొక్కసారి కాటా ఎక్కించండి. మీరే లోపలికొచ్చి చూసుకోండి."

డ్రైవరు అధికారి వైపు చూశాడు. అధికారి గడియారం వైపు చూశాడు. "ఇప్పుడు నమ్మినా ఆ బీడు దాకా పోయేంత టైము లేదు. తీసుకుపోండి ఈవిణ్ని."

ఇద్దరు సైనికులు ఆవిణ్ని చెరో రెక్కా పట్టుకుని గదిలోకి లాక్కుపోయారు. "చెవులు మూసుకోండి పెద్దమ్మా" అన్నాడు డ్రైవరు, ఆవిడ మొహం చూడకుండా.

ఆవిడ చెవులు మూసుకోలేదు. అన్నీ పోయేదాకా విన్నది.

రెండు నిమిషాల్లో లారీ వెళ్లిపోయింది. మొగుడు ఇంట్లోంచి పరుగున వచ్చాడు. "లేవే, వాళ్లు తిరిగి ఇక్కడికే కొడతారు, ఎక్కడన్నా దాక్కుందాం పద!" అని చెయ్యి పట్టి లాగాడు. ఆవిడ నేల మీంచి కదల్లేదు. చేతిలో ఫోను, చెల్లెలి నంబరు మోగుతూనే ఉంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు. ఆయన ఇంకో రెండు సార్లు లాగి చూశాడు. చివరికి తనూ ఆవిడ పక్కనే కూర్చున్నాడు.