మరణాల రిజిస్టర్లో బతికున్న మనిషి

డిగ్రీ చదివి ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసులో నకళ్లు రాసే గుమాస్తాగా చేరినందుకు మొదటి రెండేళ్లు నాకు లోకం మీదే కోపం. ఏ కాలేజీలోనో పాఠం చెప్పాల్సిన వాణ్నని నా ధీమా. పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనో ఒకరితో తగువాడి, ఆఫీసు చేరేసరికే ముఖం ముడుచుకుపోయి ఉండేది.

నా చోటు రికార్డు రూము. చుట్టుపక్కల పల్లెల్లో గ్రామ మునసబులు రాసి పంపిన జనన మరణాల రిజిస్టర్లు అక్కడ ఉండేవి. ఎవరికైనా పుట్టిన తేదీ కాగితం కావాలంటే, ఆ వరుస వెతికి, అన్ని గడులూ ఉన్నవి ఉన్నట్టు దించి, కింద ‘అసలుకు సరైన నకలు’ అని సంతకం పెట్టాలి. ఏం రాస్తున్నానో చదివేవాణ్ని కూడా కాదు. చెయ్యి తన పాటికి తాను రాసుకుపోయేది.

మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో లైటు వేసుకోవాల్సిందే. ఫ్యాను ఆగితే పురుగులు కాగితం కొరికే చప్పుడు వినిపించేది. నాకంటే ముందు పనిచేసిన ముసలాయన మరణాల రిజిస్టరు తెరిచే ముందు చెప్పులు విడిచేవాడట. ఆ మాట విని నేను పడీ పడీ నవ్వాను.

డెబ్బైల చివర, ఒక ఎండాకాలం. రాస్తూ రాస్తూ తలెత్తితే బల్ల ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. ఆ గది తలుపు ఎవరు తోసినా కిర్రుమంటుంది. నాకు ఏమీ వినపడలేదు.

“ఎప్పుడొచ్చినావప్పా?”

“పొద్దున్నుంచి ఈడ్నే ఉండా సారూ.”

పొద్దున్నుంచి నేను రెండుసార్లు ఆ బల్ల పక్కనుంచే టీకి వెళ్లొచ్చాను.

నంద్యాలలో రైల్వే గ్యాంగులో పని దొరికేలా ఉందట. నెలలోగా వయసు కాగితం తెస్తేనే తీసుకుంటామన్నారట. బడి సర్టిఫికెట్ లేదా అంటే, వాళ్లమ్మ బడికి పంపలేదన్నాడు. రేషన్ కార్డులో పేరు లేదు. ఓటర్ల జాబితాలోనూ లేదు. ఎందుకు లేదయ్యా అని విసుక్కుంటే, తనకు తెలియదన్నాడు.

ఊరు, తండ్రి పేరు, వాళ్లమ్మ చెప్పిన నెల, సంవత్సరం చెప్పాడు. జననాల రిజిస్టర్లో వరుస దొరికింది. మగ శిశువు. చివరి గడిలో, అదే చేతిరాతతో, ‘మూడవ దినమున మృతి’ అని ఉంది. మరణాల రిజిస్టరు తీశాను. అందులోనూ ఉంది.

“నీకు అన్నలెవరన్నా ఉండారా?”

“నాకు ముందు ముగ్గురు పుట్టి పోయినారంట. ఆ యేడు పుట్టింది నేనొక్కణ్నే.”

వేలు ఆ గడి మీద ఉంచి తలెత్తాను. అతను రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాడు. నాకు భయమేసింది.

“ఏమని ఉంది సారూ?”

“నువ్వు పోయినావని ఉంది.”

నవ్వుతాడనుకున్నాను. “అట్లనా,” అన్నాడు మెల్లగా, ఎప్పటినుంచో ఉన్న అనుమానం తీరినట్టు.

మర్నాడు తల్లిని తీసుకొచ్చాడు. బిడ్డలు నిలవని ఇళ్లలో పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చేటెడు తవుడిచ్చి కొనుక్కోవడం మా వైపు మామూలే. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకొని చావు వదిలేసి పోతుందని ఆశ. ఈ ఇంట్లో తాత అంతటితో ఆగలేదు.

“మునసబు కాళ్లు పట్టుకోని సచ్చినట్టు రాయించినాడు మా మామ. రాసినంక ఇంగ ఎతుక్కుంటా ఎవురూ రారని.”

ఆ తర్వాత ఇంకే కాగితంలోనూ బిడ్డ పేరు ఎక్కకుండా ఆమె ఇరవై ఏళ్లు కాపాడుకుంటూ వచ్చింది.

పై అధికారి ఊరి పెద్దలిద్దరి వాంగ్మూలం తీసుకొని సవరణకు ఉత్తర్వు ఇచ్చాడు. వారం తర్వాత తల్లీ కొడుకూ మళ్లీ వచ్చారు. ఎర్రసిరాతో రాయడం నా వంతు. నేను కలం తీయగానే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“రాయొద్దు సారూ. ఆ అచ్చరం ఉంది కాబట్టే వీడుండాడు.”

“పని పోతుందమ్మా వానికి.”

“పోనీ. మనిషి ఉంటాడు గదా.”

ఇంకో రోజైతే కసిరి పంపేవాణ్ని. నేను విసుగ్గా గీకి పారేసే అక్షరం ఒక మనిషిని ఉంచగలదనీ, తీసేయగలదనీ ఆమె నమ్మింది. రెండేళ్లలో నా పనిని అంతగా నమ్మినవాళ్లు లేరు, నాతో సహా. సిగ్గుపడ్డాను. ఎనభైల చివరిదాకా ఆ బల్ల దగ్గరే ఉన్నాను గాని, మళ్లీ ఎన్నడూ చదవకుండా సంతకం పెట్టలేదు.

కొడుకు అప్పుడు నోరు విప్పాడు. “నేను ఉండానా ల్యాదా మా? అందరూ నన్ను చూడనట్టే దాటుకోని పోతాండారు. నువ్వు గూడా ఒక్కరోజన్నా పేరు పెట్టి పిలిచినావా? చెయ్యి ఊపుతావు, అంతే.” రిజిస్టరు వైపు చెయ్యి చాపాడు. “ఏమన్నా అయితే కానీ. రాయనీ.”

ఆమె పట్టు వదిలింది.

“పాతది కొట్టెయ్యనమ్మా,” అన్నాను. “మా పనిలో రాసింది చెరపకూడదు. పక్కన రాస్తా.”

“రెండూ ఉంటాయా?”

“రెండూ ఉంటాయి.”

మరణాల రిజిస్టర్లో ఆ పేజీలో పై నుంచి కింది దాకా చనిపోయినవాళ్లే. వాళ్ల నడుమ, అతని వరుస పక్కన ‘ఈ శిశువు జీవించి ఉన్నాడు’ అని ఒక్కొక్క అక్షరమే రాశాను. ఎందుకో, నేనే ఎవరికో అతని ఆచూకీ చెబుతున్నట్టనిపించింది.

నకలు మడిచి జేబులో పెట్టుకొని అతను బస్టాండు వైపు నడిచాడు. ఆమె మా ఆఫీసు మెట్ల మీదే నిలబడిపోయింది. కాసేపటికి అతని పేరు పలికింది. నాకు మాత్రమే వినపడింది. రెండోసారి గట్టిగా పిలిచింది. అతను నడుస్తూనే ఉన్నాడు. ఆ గొంతులో తన పేరు అతను ఎన్నడూ వినలేదు. మూడోసారికి ఆగి, వెనక్కి తిరిగాడు.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకొని, ఇంకెవరైనా విన్నారేమోనని వీధికి రెండు వైపులా చూసింది. నేనూ చూశాను.