ట్రయల్ మామయ్య కూరమడి

ట్రయల్ చూడనిదే మామయ్యకు ఏదీ నచ్చదు. నలభై ఏళ్లు టైలరు పని చేసి కొట్టు మూసేశారు గానీ, మెడలో టేపూ చెవి మీద సుద్దముక్కా ఆయన్ని వదల్లేదు. కొత్త చెప్పులు కొంటే నాలుగు రోజులు ఇంట్లోనే వేసుకు తిరుగుతారు. ఆ మధ్య వంటింటి గోడకు బల్ల బిగిస్తూ స్క్రూలు సగం దాకా తిప్పి ఊరుకున్నారు. "ఇది కచ్చా కుట్టమ్మాయ్! ట్రయల్ అయ్యాక గట్టి కుట్టు వేద్దాం," అన్నారు కోడలితో. ట్రయల్ పది రోజులు నడిచింది. పదకొండో రోజు గిన్నెలు వాటంతటవే దిగి వచ్చాయి.

"నన్ను చేసుకునే ముందూ మూడుసార్లొచ్చి చూసుకెళ్లారు," అంది అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలోంచి. "నా అదృష్టం బాగుండి విప్పి మళ్లీ కుట్టలేదు."

అలాంటి మనిషికి ఎత్తుమడి కట్టే పని అప్పజెప్పడం కోడలి బుద్ధితక్కువ. అత్తయ్యకు మోకాళ్లు మొరాయించి పెరట్లోకి దిగడం మానేశాక, ఏడాదిగా తవ్వేవాళ్లు లేక నేల రాయిలా బిగుసుకుపోయింది. చెక్కలతో పెట్టెలా కట్టి మట్టి నింపితే టమాటా, వంగ వేసుకోవచ్చని కోడలి ఆశ. టీ గ్లాసుల్లో నారు కూడా పెంచింది.

"వారంలో నాటెయ్యాలి మామయ్యా, లేకపోతే ముదిరిపోతుంది."

"వారమెందుకు? రెండ్రోజుల పని!"

మూడో రోజుకు మోకాలెత్తు పెట్టె తయారైంది. కోడలు మట్టితట్ట ఎత్తేసరికి "ఆగాగు! ఇంకా ట్రయల్ కాలేదు!" అంటూ విప్పేశారు. వారానికి అది నడుమెత్తుకు పెరిగింది. అదీ విప్పేశారు. మధ్యమధ్య టేపు పట్టుకుని అత్తయ్య వెనకాల తచ్చాడేవారు.

"ఆ గ్లాసు అందుకో. అంత సాగకు! మోచెయ్యి అక్కడే ఉంచు."

"ఏంటండీ, జాకెట్టేమైనా కుడుతున్నారా?"

పన్నెండో రోజుకు నారు పసుపెక్కి వాలిపోయింది. కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. విసవిసా పెరట్లోకి వెళ్లేసరికి, మామయ్య మడి ముందువైపు నడిమధ్యన, జాకెట్టుకు మెడ తీసినట్టు లోపలికి చోటు వదిలి చెక్కలు బిగిస్తున్నారు.

"నా నారు చచ్చిపోతుంటే మడికి మెడ తీస్తున్నారా మామయ్యా!"

మామయ్య ఇంట్లోకెళ్లి అత్తయ్యను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆమె కుర్చీ కూడా తెచ్చి ఆ మెడలోకి జరిపి కూర్చోబెట్టారు. అత్తయ్య వంగలేదు, సాగలేదు. మోచేతులు చెక్క అంచు మీద హాయిగా ఆనాయి. మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లకు అందింది.

"కొలతలు నావా?" అంది అత్తయ్య.

"మరెవరివి? ఏడాదిగా నువ్వు కిటికీలోంచి పెరడు చూస్తుంటే నాకు బాగోలేదు," అన్నారు మామయ్య నేలచూపులు చూస్తూ.

కోడలి కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు. మామయ్య చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కుని కచ్చా కుట్లన్నీ తనే గట్టిగా బిగించింది. మట్టీ ఎరువూ నింపారు. నారులో బతికి బట్టకట్టిన తొమ్మిది మొక్కల్నీ అత్తయ్యే నాటింది.

చివరి మొక్క చుట్టూ మట్టి అదిమి, అత్తయ్య కోడలికి కన్నుగీటింది.

"ఏమండీ, ఎడమవైపు కాస్త బిగుతుగా ఉన్నట్టుందండీ!"

మామయ్య మొహం వెలిగిపోయింది. "అవునా? విప్పనా?" అంటూ స్క్రూడ్రైవర్ కోసం మట్టంతా తడుముకున్నారు. అది అప్పటికే కోడలి కొంగు చాటున ఉంది.