కొలువులో మూడు ఓడలు

నిన్న చాండ్లర్‌లో వాన పడింది. అమెరికాలోని ఈ ఎడారి ఊళ్ళో వాన పడితే పొదలన్నీ కాస్త తారు, కాస్త కషాయం కలిపినట్టు ఒక వాసన వదుల్తాయి. అది గరాజ్‌లోకి వచ్చేసరికి నేను దసరా బొమ్మల పెట్టె దించుతున్నాను. ఇంకేముంది, నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు.

మా అమ్మది కడప. సూట్‌కేసుల మీద అట్టపెట్టెలు పేర్చి, తెల్ల పంచె పరిచి, అపార్ట్‌మెంట్ హాల్లో ఏడు మెట్ల కొలువు కట్టేది. పైన దేవుళ్ళు, కింద పెళ్ళి ఊరేగింపు, ప్లాస్టిక్ ఏనుగులు, పక్కన కొబ్బరేసి తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్ళు. ఆ ఏడు కొలంబస్ డేకని స్కూల్లో నాచేత ఆయన వచ్చిన మూడు ఓడలు పేపర్‌తో చేయించారు. అమ్మ మురిసిపోయింది. తను చదివిన పుస్తకంలోనూ ఆయన అమెరికాని కనిపెట్టిన మహానుభావుడే మరి. వాటిని దేవుళ్ళ కింది మెట్టు మీద పెట్టి, కుంకుమద్ది, హారతి కూడా ఇచ్చింది.

మర్నాడు పేరంటానికి లీనాని పిలిచాను. క్లాసులో నా పక్కన కూర్చునేది తనొక్కతే. వాళ్ళు ఈ నేల మీద తరతరాలుగా ఉన్న మూలవాసులు, వాళ్ళకని ప్రభుత్వం వదిలిన హీలా నది రిజర్వేషన్‌లో, మాకు పక్కనే ఇల్లు. తోడొచ్చిన వాళ్ళ నానమ్మ ఒక్కో బొమ్మనీ ముచ్చటగా చూస్తూ ఓడల దగ్గర ఆగిపోయింది.

"వీళ్ళకీ మొక్కుతారా మీరు?"

లీనా గుగ్గిళ్ళ కప్పు టేబుల్ మీద పెట్టేసింది. ఇక మా ఇంటికి రాదని నాకు ఏడుపొచ్చింది. ఆ ఓడల వెనక ఇంకెన్ని ఓడలొచ్చాయో, ఎవరి భూములు పోయాయో, తమ పొలాలకి పారే నదిని ఎగువన ఎలా మళ్ళించుకున్నారో పెద్దావిడ చెబుతుంటే అమ్మ నిలబడే వింది.

కొలువు ఎత్తేదాకా బొమ్మ కదపకూడదు. ఒరిగిన ఏనుగుని కూడా అమ్మ ముట్టనిచ్చేది కాదు. అలాంటిది, "తీసెయ్ పాపా" అంది.

"దసరా అవ్వలేదు కదా అమ్మా, మూవ్ చేయకూడదు అన్నావు."

"అమ్మవారు కోప్పడితే నేను పడతాలే. తీసెయ్."

పక్కింటి ఆంటీ అపచారం అంది. అయితే కానీ అంది అమ్మ. నేను ఓడలు తీశాక లీనా కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఇప్పుడు అమ్మ లేదు, ఆ అపార్ట్‌మెంట్లూ లేవు. మా పిల్లల స్కూల్లో ఓడలు చేయించరు, క్యాలెండర్‌లో ఆ రోజు పేరు కూడా మూలవాసుల దినమని మార్చారు. సంతోషం. పేరు మారిస్తే ఎవరికీ ఏమీ పోదు. నది మాత్రం ఇప్పటికీ చాలామటుకు ఇసకే. అందుకే నా కొలువులో రెండో మెట్టు మీద మూడు బొమ్మల చోటు ఖాళీగా వదుల్తాను. కాస్త జరిపి సర్దొచ్చుగా అంటారు ఆంటీలు. సర్దను. ఎందుకని అడిగినవాళ్ళని కూర్చోబెట్టి, లీనా నానమ్మ చెప్పిందంతా చెప్పి, ఆ తర్వాతే గుగ్గిళ్ళు పెడతాను.