పిడి కింద ముద్ర

బోర్న్‌హోమ్ దీవిలో, గూడ్యెమ్ రేవు వీధిలో ఇంటింటా పొగబెట్టిన చేపల వాసనే. థోరా వాళ్ళ కుండల వర్క్‌షాపులో మాత్రం తడిమట్టి వాసన, దాంతోపాటు తగువులు. మొగుడూ పెళ్ళాల చక్రాలు రెండూ ఎడమొహం పెడమొహంగా ఉండేవి.

ఐనార్ జగ్గులు చేసేవాడు. వాటికి పిడి లాగి అతికించేది థోరా. అడుగున ముద్ర మాత్రం అతనిదే.

"నా ముద్ర కూడా వెయ్యి" అని ఆమె అడగని ఏడు లేదు.

"చక్రం మీద లేపినవాడిదే కుండ" అనేవాడు. అంతటితో ఊరుకోక, కొనడానికొచ్చినవాళ్ళ ఎదుటే ఆమె చేసిన కప్పును మట్టి కోసే తీగతో నిలువునా కోసి, "అడుగు మందం చూడండి! ఇది కప్పా, తూకంరాయా?" అనేవాడు.

ఒక మార్చిలో గుండె ఆగి ఐనార్ పోయాడు. పిడుల్లేని ఆఖరి జగ్గులు తడిగుడ్డ కింద మిగిలాయి. సమాధి చేసి వచ్చిన మర్నాడే ఆడబిడ్డ బోదిల్ దిగింది.

"ఆరిపోకముందే పిడులు పెట్టి కాల్చు. తమ్ముడి గుర్తుగా చర్చిలో పెట్టిస్తా."

"పెడతా వదినా. నా ముద్ర కూడా వేస్తా."

"సిగ్గులేదుటే? పోయినవాడి సొమ్ము మీద నీ పేరా?"

"మీ తమ్ముడి చేతులు ఎప్పట్నుంచి వణుకుతుండేవో నీకేం తెలుసు? ఆయన పనితనం చూద్దువుగాని, ఉండు."

థోరా ఒక జగ్గు బల్ల మీద పెట్టి, ఐనార్ తీగతోనే నిలువునా కోసింది. అడుగు మొద్దుగా ఉంటుందని ఆమె ఆశ. ముక్కలు విడిపడ్డాయి. అడుగు నుంచి అంచు దాకా ఒకటే పలచన. ఇంకొకటి కోసింది. అదీ అంతే.

"కొయ్యవే, ఇంకా కొయ్యి. ఒక్కటైనా దొరక్కపోతుందా!" అంది బోదిల్.

"ముసలి పీనుగ" అని పళ్ళు నూరింది థోరా. "నా కప్పులకి వంకలు పెడుతూ, ఆ వణికే చేతుల్తోనే ఇవి చేశాడు!"

ముక్కల్ని మట్టి నానేసే తొట్టిలోకి విసిరికొట్టింది. మిగిలిన జగ్గుల్ని దగ్గరికి లాక్కుని, చేతులు తడుపుకొని, ఒక్కోదానికీ పిడి లాగి అతికించింది. పిడి కింది కొస జగ్గుకు ఆనేచోట తన ముద్ర గట్టిగా నొక్కింది.

"చెరిపెయ్యి!"

"పిడి పట్టి ఉన్నదే ఆ నొక్కుడుతో. కావాలంటే పీకేసి పట్టుకెళ్ళు వదినా. పువ్వులు పెట్టుకోవడానికి పనికొస్తాయి."

బోదిల్ తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది. థోరా గుడ్డను మళ్ళీ తడిపి, గట్టిగా పిండి, జగ్గుల మీద కప్పింది.