ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని సైకిల్ యాత్ర

మొన్న ఆదివారం పొద్దున పేపరు చదువుకుంటూ కూర్చుని ఉంటే మా అన్నకొడుకు ఫోనులో ఒక పోస్టరు పంపించాడు. మట్టిదారిలో గేరు సైకిళ్ళు, వాటి మీద హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు, వెనక తలకోన వైపు కొండలు, కింద పెద్ద అక్షరాలతో ఎవరి సాయమూ లేకుండా ఎవరి బరువు వాళ్ళే మోసుకుంటూ పోవాలని ఒక మాట. ఆ వెంటనే ఫోను చేసి, చిత్తూరులో ఇట్లాంటి యాత్ర మొదట పెట్టింది నువ్వేనంట గదా చిన్నాయనా, నువ్వే వచ్చి జెండా ఊపాల అన్నాడు. మోకాళ్ళ నొప్పులు, రాలేనని చెప్పాను. నిజానికి నా మోకాళ్ళు గుండ్రాళ్ళ మాదిరి ఉన్నాయి, నిన్న కూడా మేడ మీదికి మూడుసార్లు ఎక్కి దిగాను. అసలు సంగతి వాడికి చెప్పడానికి సిగ్గేసింది. నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఇందులో సగం మన ఇళ్ళన్నిటిలోనూ జరిగిందే.

అప్పట్లో నేను బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షను చూసేవాణ్ణి. డబ్బా మీద లేబులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా వెనక్కి పంపించే రకం నాది. పనివాళ్ళు నా వెనక నన్ను రూళ్ళకర్ర అనేవాళ్ళని తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాణ్ణి. నలభై ఎనిమిదో ఏట షుగరు వచ్చింది, డాక్టరు ఒళ్ళు వంచమన్నాడు, నడక విసుగు పుట్టి ఒక గేరు సైకిలు కొన్నాను. ఈ వయసులో ఈ వేషమేంటని మా ఆవిడ కడుపుబ్బ నవ్వింది. ఆ సైకిలును నడపడం నాకు నేర్పినవాడు మా ఫ్యాక్టరీలో బాయిలర్ ఫిట్టరు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఎవరో వాడి పారేసిన సైకిలును విడివిడిగా ఊడదీసి, ఏ ముక్కకు ఆ ముక్క బాగుచేసి, కొత్తదానికంటే బాగా నడిచేట్టు చేసుకున్నాడు. టైరు ఊడదీసి పంక్చరు వేసుకోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉండాలో చూసుకోవడం, రాళ్ళదారిలో హ్యాండిలును గట్టిగా పట్టుకోకుండా వదులుగా పట్టుకోవడం, అన్నీ అతని చలవే. ఆదివారాలు ఇద్దరమే పోతూ ఉంటే ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, ఒక కిరాణా కొట్టు ఆయన, ఇట్లా ఒక్కొక్కరూ కలిసి పద్నాలుగు మందిమయ్యాం.

అప్పుడు నా బుర్రలో పురుగు తొలిచింది. ఏవో దేశాల్లో కొండల మీద రోజంతా తొక్కే యాత్రలుంటాయని, వెనక జీపూ వ్యానూ ఏవీ రావని, తిండీ నీళ్ళూ పనిముట్లూ అన్నీ తొక్కేవాడే మోసుకోవాలని, దారిలో ఎవరి దగ్గర ఏ సాయం తీసుకున్నా అతని పేరు కొట్టేస్తారని కంప్యూటరులో చదివాను. రూళ్ళకర్రకు ఇంతకంటే ఏం కావాలి? కాణిపాకంలో తెల్లవారుజామున బయలుదేరి, ఐరాల, పులిచెర్ల మీదుగా సగం మట్టిదారుల్లో పోయి, భాకరాపేట ఘాటు దిగి సాయంత్రానికి తిరుపతి చేరాలని రాసిపెట్టాను. ఊరికే తొక్కితే ఏం పుణ్యం, దారిలో ఒక ఊరికి ఏదైనా ఇచ్చిపోదామన్నారు అందరూ. తలా రెండు దుప్పట్లు, కొన్ని నోటుపుస్తకాలు వీపు మీద మోసుకుపోవాలని తీర్మానమైంది. ఏ ఊరని అడిగితే ఫిట్టరు కొంచెం మొహమాటపడుతూ, మా వాడలో ఇద్దామా అన్నా, మా అమ్మ సంతోషపడతాది అన్నాడు. పులిచెర్ల దాటినాక కొండ వైపు ఉండే ఒక పల్లెలో దళితవాడ అది. ఊరి పేరు రాయను, రాసే మొహం లేదు.

అందరూ సరేనన్నారు. ఆ వారమంతా అతని మొహంలో ఒక వెలుగు ఉండేది. మా వాళ్ళు అట్లాంటోళ్ళు కాదు, సదువుకున్నోళ్ళు, మన ఇంటి ముందరికే వస్తారని వాళ్ళ అమ్మకు రెండుసార్లు ఫోనులో చెప్పడం నేను విన్నాను. ఎట్లాంటోళ్ళు కాదో నేను ఆలోచించలేదు. నా ధ్యాసంతా రూల్సు టైపు చేయించడం మీదే ఉండింది.

డిసెంబరు మంచులో బయలుదేరాం. ఐరాల దగ్గర మా బావమరిది తోట రోడ్డు పక్కనే ఉంటుంది. నేను వస్తున్నానని తెలిసి లేత టెంకాయలు కొట్టించి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికి నాతో ఫిట్టరూ, బ్యాంకు గుమాస్తా మాత్రమే ఉన్నారు. నేను దిగి ఒక టెంకాయ తాగి, మూతి తుడుచుకుని, బావమరిది మీద రెండు జోకులేసి మళ్ళీ ఎక్కాను. గుమాస్తా కూడా తాగాడు. ఫిట్టరు వద్దని తల అడ్డంగా ఊపి సైకిలు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. దాహం లేదేమో అనుకున్నాను.

పదిన్నరకు వాడకు చేరాం. ఇళ్ళ ముందు కల్లాపి చల్లి ముగ్గులు పెట్టి ఉన్నాయి. వేపచెట్టు కింద తాటాకు చాపలు పరిచి పెద్దవాళ్ళంతా కూర్చుని ఉన్నారు, పిల్లలు మా హెల్మెట్లు చూసి నవ్వుతున్నారు. దుప్పట్లిచ్చాం, పుస్తకాలిచ్చాం, ఫోటోలు తీసుకున్నాం. అంతలో ఫిట్టరు వాళ్ళ అమ్మ ఒక వెడల్పాటి తట్టలో స్టీలు గ్లాసులు పెట్టుకుని వచ్చింది. కొత్తిమీర, పచ్చిమిరపకాయ వేసిన మజ్జిగ. వెనక ఇంకొకామె చేటలో ఆవిర్లు పోతున్న వేరుశనక్కాయలు తెచ్చింది. కాలేజీ లెక్చరమ్మ చెయ్యి చాపబోయింది. నేను గబుక్కున ముందుకొచ్చి ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, వద్దమ్మా, మేము తీసుకోకూడదు అన్నాను.

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. తట్టను కాస్త నా దగ్గరికి జరిపి, గొంతు తగ్గించి చెప్పింది.

"గలాసులు కొత్తవే నాయినా. మొన్న సంతలో తెచ్చినాము. ఇంగా ఎవురూ తాగలా."

నిజమే, ఒకటి రెండు గ్లాసులకు కొట్టువాడు అంటించిన కాగితం కూడా పూర్తిగా పోలేదు. లేబులు చూడటంలో నన్ను మించినవాడు లేడు కదా, అది మాత్రం బాగా కనిపించింది. ఆ మాటకు అర్థం మాత్రం తోచలేదు. అదేం లేదమ్మా, మా రూలు అట్లుండాది, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని చెప్పి, అది రుజువు చేస్తున్నట్టు ఆమె ఎదురుగానే నా సీసా మూత తీసి గుటగుటా తాగాను. నన్ను చూసి మిగతావాళ్ళూ ఎవరి సీసాలు వాళ్ళు తీశారు. చాపల మీద కూర్చున్న ఒకాయన లేచి భుజం మీది తుండు దులుపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఫిట్టరు ఒక నిమిషం నా వైపు, ఒక నిమిషం వాళ్ళ అమ్మ వైపు చూసి, ముందుకొచ్చి తట్టలో నుంచి ఒక గ్లాసు తీసుకుని తాగాడు. ఇంకొకటి తీసుకుని అదీ తాగాడు. తర్వాత ఎవరి కోసమూ ఆగకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ కోపంలో తొక్కాడేమో, మా అందరికంటే ముప్పావుగంట ముందే తిరుపతి చేరాడు. సాయంత్రం ఒక కల్యాణమండపం వరండాలో అందరినీ కూర్చోబెట్టి, చేరినవాళ్ళ పేర్లు వరసగా చదివాను. అతని పేరు చదవలేదు. గుమాస్తా గుర్తు చేస్తే, దారిలో తీసుకున్నాడు కాబట్టి లెక్కలోకి రాడని చెప్పాను. రూలంటే అందరికీ ఒకటేనని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుమాస్తా తల వంచుకుని షూ తాళ్ళు విప్పుకుంటూ కూర్చున్నాడు. ఫిట్టరు మాత్రం లేచి, సరే అన్నా అని, సైకిలును బస్సు మీదికి ఎక్కించుకుని చిత్తూరు వెళ్ళిపోయాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే అక్కడికక్కడ నా పరువు పోయేది. అతను ఆ మాట అనలేదు. అతనికి తెలిసిన ఆ సంగతి నాకు తెల్లారేదాకా తట్టనే లేదు.

మరుసటి రోజు కాఫీ తాగుతూ మా ఆవిడకు ఇదంతా గొప్పగా చెప్పాను, మజ్జిగ చేతిదాకా వచ్చినా పదమూడు మంది ముట్టుకోలేదని. ఆమె కూరగాయలు తరగడం ఆపి నా మొహంలోకి చూసింది.

"మా తమ్ముని తోటలో టెంకాయ తాగినారంట గదా, వాడు ఫోన్ చేసినాడు. ఆడ లేని రూలు మజ్జిగ కాడికి యాడనుంచి వచ్చినాది?"

వాడు మనవాడు కదా, అది సాయమెట్లా అవుతుంది అనబోయి, ఆ మాట నా చెవికే వినిపించి ఆగిపోయాను. మా ఊళ్ళో చిన్నప్పుడు వాడ నుంచి ఎవరైనా వచ్చి నీళ్ళడిగితే మా అవ్వ వసారాలో నిలబడి పైనుంచి పోసేది, వాళ్ళు వంగి దోసిట్లో పట్టి తాగేవాళ్ళు. వాళ్ళ ఇంటికి మేము పోయిందీ లేదు, పోయినా పచ్చి నీళ్ళు ముట్టిందీ లేదు. దాన్ని మా ఇంట్లో ఆచారం అనేవాళ్ళు. కాలేజీ రోజుల్లో దాని మీద మా నాయనతో వాదించి రెండు రోజులు అన్నం మానేసినవాణ్ణి నేను. అంత వాదించినవాణ్ణి ముప్ఫై ఏళ్ళ తర్వాత వాళ్ళ వాకిట్లోకే పోయి, అందరి ముందు, అదే ఆచారం చేసి చూపించాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అనలేదు. అట్లా జరుగుతుందేమోనని భయపడే కదా ఆ తల్లి కొత్త గ్లాసులు కొన్నది!

సోమవారం బాయిలరు దగ్గరికి పోయి, తప్పయిపోయిందప్పా అన్నాను. వాల్వు బిగిస్తున్నవాడు తల ఎత్తకుండానే, ఏం లేదులే సార్, రూలు రూలే గదా అన్నాడు. అంతకుముందు ఏ రోజూ నన్ను సార్ అని ఎరగడు. ఆదివారాలు రావడం మానేశాడు. మా వాడలో మళ్ళీ ఎవర్నీ పిలుచుకురావద్దని వాళ్ళ పెద్దవాళ్ళు అతనితో గట్టిగా చెప్పారని గుమాస్తా ద్వారా తెలిసింది. మేము అట్లాంటోళ్ళం కాదని నా మీద నమ్మకంతో అతను వాళ్ళకు ఇచ్చిన పూచీ ఒకటుంది, దాన్ని నేను ఒక్క సీసాతో పోగొట్టాను. కొన్నాళ్ళకు రేణిగుంటలో ఏదో ఫ్యాక్టరీలో పని దొరికిందని వెళ్ళిపోయాడు. పోయేముందు నాతో చెప్పలేదు.

ఆ తల్లికైనా చెప్పుకోవాలని ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఏడాదిన్నర గడిపి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం మోటారు సైకిలు మీద ఒక్కణ్ణే పోయాను. నన్ను గుర్తుపట్టింది. మంచం వాల్చి కూర్చోమంది. పిల్లలు ఏం చేస్తున్నారో, షుగరు ఎట్లుందో అడిగింది. క్షమించమని అడగడానికి గంటసేపు మాటలు వెతుక్కున్నాను. ఎండకు దాహంతో నాలుక పిడచగట్టుకుపోయింది. ఆమె ఏమీ ఇవ్వలేదు, నేను అడగలేదు. లేవబోతుంటే, తప్పు తనదైనట్టు నొచ్చుకుంటూ చెప్పింది.

"మజ్జిగుండాది నాయినా. మీకు రూలుండాది గదా అని ఇయ్యలా."

అందులో ఎగతాళి లేదు, అది నాకు బాగా తెలుసు. ఆ రూలు ఇప్పుడు లేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, మరి ఆ రోజు ఎందుకు ఉండిందో చెప్పాలి కదా. దండం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు ఆ వాడ దాకా సిమెంటు రోడ్డు పడింది, ఆటోలో నీళ్ళ క్యాన్లు వస్తున్నాయి, బడికి పోయే పిల్ల మొదలు ముసలివాళ్ళ దాకా అందరి చేతిలోనూ ఒక సీసా. దాహమేసి ఒకరి గుమ్మం ముందు నిలబడే పని ఎవరికీ లేదు, ఇస్తే పుచ్చుకోవాలా వద్దా అనే తడబాటూ లేదు. ఒక రకంగా ఈ కాలం పిల్లలు అదృష్టవంతులు, లోపల ఏముందో బయటపడకుండానే బతుకు వెళ్ళిపోతుంది. మన కాలంలో మనిషి ఎట్లాంటివాడో ఒక గ్లాసు మజ్జిగ దగ్గర తేలిపోయేది. నేను ఎట్లాంటివాణ్ణో ఆ రోజు అక్కడ తేలిపోయింది.