రెండు చీటీలు

మల్లేశ్వరరావు మాస్టారి ఎడమ కన్ను పోయింది లెక్కల పరీక్ష రోజున. 1986 మార్చి నెల. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు.

తండ్రి విజయనగరం పక్క పల్లె వదిలి రాయపూర్ రైల్వేలో ఖలాసీగా చేరిననాడు మల్లేశ్వరరావుకు ఎనిమిదేళ్లు. హిందీ ముక్క రాదు. బడిలో పంతులు ఏదో అడిగితే తెలుగులో జవాబు చెప్పాడు. పంతులు జుట్టు పట్టుకుని నల్లబల్లకేసి మోదాడు. ముక్కు పగిలి చొక్కా ఎర్రగా తడిసింది. ఇంటికెళ్తే ఉన్న ఒక్క చొక్కా పాడుచేశాడని తండ్రి ఇంకో నాలుగు తగిలించాడు. ఆ ఏడే పిల్లవాడు అంకెల మీద పడ్డాడు. అంకెలు ఏ భాషలో చెప్పినా అంకెలే. అలా పట్టుబట్టి బి.యస్సీ. చదివి, ఊళ్లో పేరున్న బడిలో లెక్కల మాస్టారయ్యాడు.

ఆయనకు ఒక నమ్మకం ఉండేది. పరీక్ష హాల్లో తండ్రి పేరు ఎవరూ అడగరు, నంబరే అడుగుతారు. అక్కడ ఖలాసీ కొడుకూ కలెక్టరు కొడుకూ ఒక్కటే.

ఆ రోజు పదో తరగతి వాళ్లకు లెక్కలు. చుట్టుపక్కల బళ్ల పిల్లలకూ ఈ బడే పరీక్ష సెంటరు. ప్రహరీ ఎక్కిన మనుషులు కిటికీల్లోంచి జవాబుల చీటీలు విసురుతున్నారు. గేటు దగ్గర కానిస్టేబుల్ బీడీ కాల్చుకుంటున్నాడు. మూడో వరుసలో బియ్యం మిల్లు సేఠ్ కొడుకు ప్రమోద్ బల్ల మీద చాకు పెట్టుకుని, దర్జాగా చీటీ చూసి రాస్తున్నాడు. వాడికి ఇంటి దగ్గర ఇద్దరు ట్యూషన్ మాస్టర్లు. మాస్టారు వెళ్లి చీటీ లాక్కున్నాడు.

“మాస్టర్‌సాబ్, ఇంటికి ఏ దారిన వెళ్తారు?” అని హిందీలో మెల్లగా అడిగాడు ప్రమోద్.

మాస్టారు కాపీ కేసు రాశాడు. తల ఎత్తేసరికి వెనక బల్ల మీద పిల్ల చెయ్యి చీటీతో ఓణీలోకి జారుతోంది. పైడమ్మ. రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో కొలిమి పని చేసే బంగారయ్య కూతురు. విజయనగరం వైపు మాస్టారి ఊరివాళ్లే, ఎరిగినవాళ్లే. ఆ పిల్ల చదివే బీర్‌గావ్ బడిలో రెండేళ్లుగా లెక్కల మాస్టారే లేడన్న సంగతీ ఆయనకు తెలుసు. పైడమ్మ ఆయన కళ్లలోకి చూసింది. బతిమాలలేదు.

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఒకడి మీద రాసి ఇంకొకరిని వదిలేస్తే, తెలుగుపిల్ల అని వదిలాడంటారు. రెండో చీటీ కూడా తీసుకున్నాడు. రెండో కేసూ రాశాడు.

సాయంత్రం గేటు దాటి వంద అడుగులు వేశాడో లేదో, ప్రమోద్ వెంట తిరిగేవాళ్లు నలుగురు సైకిల్ అడ్డం పెట్టారు. మొదటి దెబ్బకే కళ్లజోడు పగిలి గాజు పెంకు కంట్లో దిగింది. సైకిల్ చైను వీపు మీద పడ్డప్పుడల్లా చొక్కాతో పాటు తోలూ ఊడింది. కింద పడ్డవాణ్ణి బూట్లతో పక్కటెముకల మీద తన్నారు. ఎదుటి టీకొట్టువాడు తలుపు వేసుకున్నాడు. అప్పుడే పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలు గోడవారగా నిలబడి అంతా చూశారు. పోలీసులు అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆస్పత్రిలో మూడు వారాలున్నాడు. కన్ను దక్కలేదు. వేసవిలో ఫలితాలొచ్చాయి. ప్రమోద్ ఫస్టు క్లాసులో పాసయ్యాడు. వాడి మీద రాసిన కాగితం బడి దాటి బయటికి పోనేలేదు. పైడమ్మ కాగితం మాత్రం వెళ్లవలసిన చోటికి వెళ్లింది. మూడేళ్లు పరీక్ష రాయకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు చదివించుకున్న రోజు బంగారయ్య కూతుర్ని పొయ్యిలో కట్టెతో కొట్టాడు. తర్వాత అదే కట్టె పట్టుకుని మాస్టారింటికి వచ్చాడు.

“ఆ సేఠు కొడుకు కాయితం ఏటయ్యింది మాస్టారూ? నా గుంట కాయితమే అగుపించిందేటి నీకు?”

“రెండూ రాశాను బంగారయ్యా.”

“రెండూ రాసినావా! నీ ఒంటికన్నుకి ఆడు దొరైపోనాడు, నా గుంట దొంగైపోనాది!”

కట్టె మాస్టారి కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వంటింట్లో ఉన్న భార్య దాలమ్మకు వినిపించింది. ఆమె పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడితే, బంగారయ్య ఆవిణ్ణి తోసేసి ఇంకో దెబ్బకు కట్టె ఎత్తి, ఎందుకో కొట్టలేక గుమ్మంలో కూలబడి పెద్దగా ఏడ్చాడు.

పోలీసు వచ్చి ఎవరు కొట్టారని అడిగితే మెట్ల మీంచి జారానన్నాడు మాస్టారు.

“సైకిల్ చైన్ల వాళ్ల పేర్లు నలుగురివీ చెప్పావు. ఇతని పేరు చెప్పవేం?” అంది దాలమ్మ కోపంగా.

“ఆ దెబ్బ నేను తినవలసిందే.”

కట్టు విప్పకముందే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. ప్రమోద్ కాగితం ఏదని నిలదీశాడు.

“ఏ కాగితం?” అన్నాడు ప్రిన్సిపాల్. “దెబ్బలు మీ తలకు కూడా తగిలినట్టున్నాయి.”

మాస్టారు బల్ల మీది సిరాబుడ్డి తీసి గోడకేసి కొట్టాడు. ఆయన జన్మలో చేసిన దౌర్జన్యం అదొక్కటే. వారం తిరక్కుండా బదిలీ కాగితం వచ్చింది. ఎక్కడికి పంపినా పోతాననుకుని విప్పిచూస్తే బీర్‌గావ్. లెక్కల మాస్టారు లేని ఆ బడికే శిక్ష కింద పంపారు.

మొదటి ఆదివారమే బంగారయ్య గుడిసెకు వెళ్లాడు. పైడమ్మ అప్పటికి ఇనుప తుక్కు ఏరే పనిలో చేరింది. అరచేతులు కోసుకుపోయి గుడ్డపీలికలు కట్టుకుంది. చదువు చెబుతాను, మూడేళ్లయ్యాక పరీక్ష రాద్దువు గాని అన్నాడు.

“సూడనట్టు ఊరుకుంటే మీ సొమ్మేటి పోయింది మాస్టారూ?”

పలకా బలపం గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాడు. మరుసటి ఆదివారం వెళ్తే పలక రెండు ముక్కలై వీధిలో ఉంది. ఇంకొకటి కొని తెచ్చాడు. నాలుగో పలక విరగలేదు. ఐదో ఆదివారం ఆమె గుమ్మంలో కూర్చుని, ఆయన మొహం చూడకుండా, “కానివ్వండి, చెప్పండి” అంది.

మూడేళ్లు ఆ మాట తప్ప ఇంకో మాట ఆడలేదు. లెక్క తప్పితే తన తొడ మీద తనే గట్టిగా కొట్టుకునేది. వద్దనేవాడు. వినేది కాదు.

1989లో పరీక్ష రాసింది. సెకండ్ క్లాసు. లెక్కల్లో నూటికి ఎనభై ఒకటి. మార్కుల కాగితం తెచ్చి ఆయన ముందు పరిచింది.

“మీ కన్ను పోయినందుకు నాకు జాలే మాస్టారూ. నా మూడేళ్లు పోయినందుకు మీకూ జాలే. ఆడికి ఏటీ పోలేదు.”

“ఏమీ పోలేదు,” అన్నాడు మాస్టారు.

పైడమ్మ కాగితం జాగ్రత్తగా మడిచింది. నర్సు ట్రైనింగుకి దరఖాస్తు ఎలా రాయాలో చెప్పమంది. ఆయన విరిగి వంకరగా అతుకుపడ్డ చేత్తో కాగితం దగ్గరకు లాక్కుని, ఒక్కో గడీ చూపిస్తూ ఆమె చేతే రాయించాడు.