బావ అమర్చిన కూత

ఈ సాయంత్రం దువ్వాడలో అక్క ఇంటి పెరట్లో బొమ్మ ఆవిరి ఇంజను మొదటిసారి నడిపాను. గూడ్సుబండి స్టీమ్ ఇంజను డ్రైవరైన మా బావ దాన్ని పూర్ణా మార్కెట్ పాతసామాన్ల కొట్లో చవగ్గా కొన్నాడు. పాలడబ్బా రేకుతో కొత్త క్యాబిన్ కట్టి, ఇత్తడి గొట్టంతో కూత అమర్చాడు. మల్లెపాదు చుట్టూ పట్టాలు సగం పరిచేసరికి గుండెపోటుతో పోయాడు. మిగతా సగం నేను పరిచాను.

ఇంజను కదలగానే కూత ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా మోగించాను. ఇంటి పక్క లైను మీద వచ్చేటప్పుడు బావ అలాగే కూయించేవాడు.

వంటింట్లోకి వెళ్తే అక్క పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టి, వాటినే చూస్తూ నిలబడి ఉంది.

"ఏటక్కా, ఇప్పుడు నీళ్లెట్టేవు?"

"కూత ఇనబడింది కదరా. బొగ్గుమసితో వత్తారని సెయ్యి దానికదే ఎట్టీసింది."

"ఆ గొట్టం తీసెత్తాను."

"వద్దురా, ఆయన సేసింది తీసీకు. నీళ్లు కాగిపోనాయి, నువ్వు పోసీసుకో."

పోసుకున్నాను. అక్క దండెం మీద బావ తువ్వాలు వేసి ఉంచింది. దాన్ని ముట్టుకోలేక, ఒళ్లు నా చొక్కాతోనే తుడుచుకున్నాను. మీరైతే ఆ తువ్వాలు తీసుకునేవారా?